నారింజ దీపం వెంట రెండు నెలలు

మార్చి 3. ఇంజను మీటరు 612 గంటలు.

ఈ రోజు టేకాఫ్ తర్వాత రెండు వేల అడుగులకు చేరి, థ్రాటిల్‌ను మామూలు ప్రయాణ స్థానానికి తెచ్చిన కాసేపటికి ప్యానెల్ మూలన నారింజ దీపం మిణుకుమిణుకుమంది. నాలుగైదుసార్లు వెలిగి ఆరిపోయింది. ఇంజను శబ్దంలో ఏ తేడా లేదు, ఇంజనులోకి వెళ్లే గాలి ఒత్తిడి చూపే మానిఫోల్డ్ ప్రెషర్ సూది కదలలేదు. నా గుండె మాత్రం కదిలింది. వెంటనే వెనక్కి తిప్పి దిగిపోయాను.

కొత్తగా చదివేవారి కోసం: మాది యూరోపా ఎక్స్‌ఎస్, ఇద్దరు కూర్చునే కిట్ విమానం. ఒక పెద్దాయన తన గ్యారేజీలో కట్టుకున్నారు, ఆయన దగ్గర నేను కొన్నాను. డాలస్‌కు ఉత్తరాన ఒక చిన్న విమానాశ్రయంలో ఉంటుంది. అమెరికాలో ఇలాంటి ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకు యజమాని స్వయంగా పనిచేసుకోవచ్చు. ఏడాదికోసారి జరిగే కండిషన్ తనిఖీకి మాత్రం, కట్టింది నేను కాదు కాబట్టి, లైసెన్సున్న మెకానిక్ సంతకం కావాలి.

ఇంజను రోటాక్స్ 914. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్లకు ఒక టర్బో, అంటే ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజనులోకి గాలిని గట్టిగా ఊదే పంపు. 5,800 ఆర్‌పీఎం దగ్గర 115 గుర్రాల శక్తి ఇస్తుంది, కానీ అది ఐదు నిమిషాలకే. ఆ తర్వాత 5,500 దగ్గర 100 గుర్రాలతో ఎంతసేపైనా నడపవచ్చు. ఇందులో బూస్టును, అంటే టర్బో పెంచే గాలి ఒత్తిడిని, పైలట్ అదుపు చేయడు. టీసీయూ అనే చిన్న పెట్టె థ్రాటిల్ ఎంత తెరిచామో, టర్బో ఊదిన గాలి చేరే ఎయిర్‌బాక్సులో ఒత్తిడి, ఉష్ణోగ్రత ఎంతో, బయటి గాలి ఒత్తిడి ఎంతో, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూసి ఒక సర్వో మోటారును తిప్పుతుంది. సర్వో ఒక కేబుల్‌తో వేస్ట్‌గేట్‌ను, అంటే ఎగ్జాస్ట్‌ను టర్బోకు తగలకుండా పక్కదారి పట్టించే తలుపును, కదిలిస్తుంది. వేస్ట్‌గేట్ ఎంత మూసుకుంటే టర్బో అంత గట్టిగా ఊదుతుంది.

ఆ పెట్టెకు మనతో మాట్లాడడానికి ఉన్నవి రెండు దీపాలే. ఎర్రది ఆరకుండా వెలిగితే ఎయిర్‌బాక్సు ఒత్తిడి హద్దు దాటిందని. ఎర్రది మిణుకుతుంటే ఐదు నిమిషాల గడువు అయిపోయిందని. నారింజ మిణుకుతుంటే సెన్సరో సర్వోయో వైరో, టీసీయూకే ఏదో నచ్చలేదని. ఏది నచ్చలేదో మాత్రం చెప్పదు. మా ఇంట్లో ఒకరికి ఇదే అలవాటు, పేరు చెప్పను.

మార్చి 10.

మాస్టర్ స్విచ్ వేయగానే రెండు దీపాలూ ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరాయి. సర్వో ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగిన చప్పుడు వినిపించింది. అంటే బల్బులు బాగున్నాయి, సర్వోకు కరెంటు వెళ్తోంది. హ్యాంగర్‌లో పక్కన ఉండే పెద్దమనిషి "టర్బో పోయి ఉంటుంది, మార్చేయండి" అన్నారు. ఆయన దేనికైనా అదే అంటారు.

నా మొదటి అనుమానం వేరు. ఈ ఇంజనులో థ్రాటిల్‌ను 115 శాతం దాకా లెక్కిస్తారు. 108 నుంచి 110 శాతం మధ్య బూస్టు లక్ష్యం ఒక్కసారిగా పైకి దూకుతుంది కాబట్టి అక్కడ ఆగవద్దని పుస్తకంలో ఉంది. పొరపాటున అక్కడే ఆపానేమో అనుకున్నాను. కానీ దీపం వెలిగినప్పుడు నేను అంతకంటే చాలా కింద ఉన్నాను. అనుమానం కొట్టేశాను.

మార్చి 17, 24.

రెండు ఆదివారాలు కనెక్టర్లకే సరిపోయాయి. ఒక్కొక్కటి విప్పి, టార్చి పెట్టి పిన్నులు చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మళ్లీ బిగించాను. పచ్చని తుప్పు ఎక్కడా లేదు. ఎయిర్‌బాక్సు నుంచి టీసీయూకు వెళ్లే సన్న గొట్టం వేళ్ల మధ్య నలిపి చూశాను, పగుళ్లు లేవు. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వోల్టేజీ బాగానే ఉన్నాయి. ఫలితం సున్నా. మా అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, ఆ దీపం ఆరిందా?" అని అడిగింది. నేలమీద అసలు వెలగనే లేదని చెప్పాను. గాల్లో మాత్రమే వెలిగే దీపం అంత చిరాకు ఇంకొకటి లేదు.

మార్చి 31.

సీరియల్ పోర్టు ఉన్న పాత ల్యాప్‌టాప్ తెచ్చుకొని టీసీయూకు కలిపాను. ఇంజను ఆపి, మాస్టర్ వేసి, థ్రాటిల్‌ను వెంట్రుకవాసి చొప్పున ముందుకు నెడుతూ తెర చూశాను. 58, 60, 61, 63, 64... ఉన్నట్టుండి 41. మళ్లీ 66, 67, 69. వెనక్కి తెచ్చి మళ్లీ నెట్టాను. అదే చోట మళ్లీ పడింది. మూడోసారీ అంతే.

కార్బ్యురేటర్ దగ్గర థ్రాటిల్ స్థానం చెప్పే సెన్సరు నిజానికి ఒక పొటెన్షియోమీటర్. నల్లని పట్టీ మీద చిన్న లోహపు చేయి జారుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ గుండీ తిప్పితే ఒక చోట గరగరమనేది గుర్తుందా? అదే రోగం. ఈ ఇంజను ఎక్కువ గంటలు ఒకే ప్రయాణ శక్తి దగ్గర నడిచింది. అన్ని గంటలూ ఆ చేయి అక్కడే నిలబడి వణికి పట్టీని అరగదీసింది. నేల మీద పరీక్షించేటప్పుడు ఆ స్థానంలో నేనెప్పుడూ ఆగలేదు, అందుకే దొరకలేదు.

నిర్ధారణ కోసం సెన్సరు విప్పి మీటరు పెట్టాను. ఇక్కడ ఒక సంగతి: డిజిటల్ మీటరుతో ఈ లోపం కనబడకపోవచ్చు, అంకె మారేలోగా చేయి దాటిపోతుంది. సూది ఉన్న పాత మీటరులో నెమ్మదిగా తిప్పితే సూది ఉలిక్కిపడడం కంటికి తెలుస్తుంది.

ఏప్రిల్ 14. 613 గంటలు.

కొత్త సెన్సరు బిగించడం పది నిమిషాల పని. కానీ బిగించి వదిలేస్తే కుదరదు. థ్రాటిల్ పూర్తిగా మూసినప్పుడు 0, పూర్తిగా తెరిచినప్పుడు 115 చదివేలా టీసీయూకు నేర్పాలి. ఆ పని ఈ ఇంజనుపై శిక్షణ పొందిన మెకానిక్‌తో చేయించాను. తర్వాత ల్యాప్‌టాప్‌లో చివరి నుంచి చివరకు మూడుసార్లు చూశాం, ఒక్క అంకె కూడా దాటలేదు.

ఏప్రిల్ 21.

నారింజ శాంతించింది, ఎర్రది మొదలైంది. టేకాఫ్‌కు థ్రాటిల్ చకచకా నెట్టగానే మానిఫోల్డ్ ప్రెషర్ సూది 40 అంగుళాలు (పాదరసం లెక్కలో) దాటింది, ఎర్ర దీపం ఒక సెకను నిండుగా వెలిగింది. థ్రాటిల్ కొంచెం లాగగానే ఆరింది. రన్‌వే ఇంకా చాలా ఉంది, అక్కడే ఆపేశాను.

ఈసారి ల్యాప్‌టాప్ దాకా వెళ్లలేదు. ఇంజను బాగా చల్లారాక కవరు విప్పి వేస్ట్‌గేట్ లీవరును చేత్తో తిప్పాను. తిప్పి వదిలితే టప్పున వెనక్కి రావాలి. మాది బద్ధకంగా, మధ్యలో ఒకసారి ఆలోచించి వచ్చింది. ఇరుసు మసిపట్టి బిగుసుకుంది. సర్వో చెప్పినా గేటు ఆలస్యంగా తెరుచుకుంటే ఒత్తిడి హద్దు దాటక ఏం చేస్తుంది? తప్పు నాదే. పోయిన తనిఖీలో ఇది చూశానని టిక్ పెట్టాను, చేయి పెట్టి చూడలేదు. మసి తుడిచి, వేడికి నిలిచే గ్రీజు పట్టించి, ఇరవైసార్లు ఆడించాక దారికి వచ్చింది.

మే 5. 617 గంటలు.

చక్రాలకు దిమ్మెలు పెట్టి, తోక కట్టేసి నేల మీద ఒకసారి, ఆ తర్వాత గాల్లో మూడుసార్లు పూర్తి శక్తి చూశాను. థ్రాటిల్‌ను మూడు సెకన్లు లెక్కపెడుతూ తెరుస్తున్నాను. సూది 39 దాటలేదు. పాత ప్రయాణ శక్తి దగ్గర అరగంట నిలబెట్టాను, దీపాలు రెండూ నిద్రపోయాయి. దిగాక టర్బో చల్లారడానికి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాను.

పాత సెన్సరు డబ్బాలో దాచాను. వచ్చే నెల రబ్బరు గొట్టాల వంతు, వాటికి ఐదేళ్లు నిండాయి.