దయ, దాయ

నా మొదటి కర్ణాటక సంగీత కృతి పట్టుకుని వెళ్లిన ఆదివారం మాస్టారు పడక్కుర్చీలో కూర్చుని వేరుసెనగకాయలు వలుస్తున్నారు. కావలిలో ప్యాసింజరు ఆలస్యమై నెల్లూరు మూలపేట చేరేసరికి పది దాటింది. ఆభోగి రాగం, ఆది తాళం, జొన్నవాడ కామాక్షమ్మ మీద. పల్లవి పూర్తికాకముందే ఆయన చెయ్యెత్తారు.

"నువ్వు రాసింది దయా, దాయా?"

"దయేనండీ."

"పాడింది మాత్రం దాయ. 'ద' మీద రెండు మాత్రలు నిలిపావు. దాయ అంటే జ్ఞాతి, పగవాడు. పెన్న ఒడ్డున ప్రశాంతంగా ఉన్న తల్లిని ఆస్తి తగాదాలోకి ఎందుకమ్మా లాగడం?"

పెద్దవాళ్లు కూడా హ్రస్వాలు సాగదీశారు కదా అని గొణిగాను. "వాళ్లు సాగదీసినచోట అర్థం మారిందేమో చూసి రా" అన్నారు. చూడడానికి మూడు వారాలు పట్టింది. నోరు మూసుకుని పల్లవి మళ్లీ కట్టుకున్నాను.

అప్పటికి డిప్లొమా చేతిలో ఉంది. కచేరీకి కూర్చోగలను. కానీ నేను రాసిన ఏ పరీక్షలోనూ కృతి కట్టడం అన్న ప్రశ్న లేదు. మాస్టారి దగ్గరా మొదటి రెండేళ్లు అది రాలేదు. ఆయన పాడేవారు, నేను విని స్వరలిపిలో రాసేదాన్ని. పై స్థాయికి పైన చుక్క, కింది స్థాయికి కింద చుక్క. చుక్క తప్పితే పేజీ అంతా మళ్లీ రాయాలి. తరువాత, అప్పటికే ఉన్న కృతులకు చిట్టస్వరాలు, అంటే సాహిత్యం మధ్య పాడే స్వరాల వరసలు, రాయమన్నారు. అక్కడ నా లెక్కలు బయటపడ్డాయి. ఆది తాళం ఒక ఆవర్తనం, అంటే ఒక చుట్టు, ఎనిమిది దెబ్బలు; దెబ్బకు నాలుగేసి మాత్రల చొప్పున 32. చివర అయిదేసి మాత్రల మకుటం, అంటే ముగింపు స్వరాల గుత్తి, మూడుసార్లు వేస్తే 15. కనుక మకుటానికి ముందు 17 ఉండాలి. నేను 16 పెట్టి, తాళం మళ్లీ మొదలయ్యే దెబ్బకు, అంటే సమానికి, ఒక మాత్ర ముందే వచ్చి, గర్వంగా ఆగాను. పక్కనే మృదంగం నేర్చుకునే పదకొండేళ్ల కుర్రవాడు "అక్కా, ఇంకా ఒకటుంది" అన్నాడు.

మాస్టారికి బాలమురళిగారంటే ప్రాణం. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు, చిన్న వయసులోనే 72 మేళకర్తల్లోనూ, అంటే మూల రాగాలన్నింటిలోనూ, కృతులు కట్టినవాడు. నాలుగే స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు చేశారాయన. అది విని నేనూ ఒక రాగం పుట్టిద్దామనుకున్నాను. "ముందు ఆభోగిలో బతకడం నేర్చుకో" అని నోటుబుక్కు తిరిగి ఇచ్చేశారు.

ఇక వృత్తి సంగతి. కృతులు రాసి బతికేవాళ్లు నాకు తెలిసినంతలో లేరు. పిల్లలకు సరళీ స్వరాలు చెప్పి ఇల్లు గడుపుకుంటాను. నాట్యం నేర్చినవాళ్ల రంగప్రవేశాలకు జతిస్వరాలు, తిల్లానాలు లాంటి నాట్యపు పాటలు కట్టిస్తారు. కొందరు డబ్బిస్తారు, కొందరు చీర పెడతారు. చీరలు చాలా ఉన్నాయి.

ఒకసారి ఒక ఉత్సవంలో నా కృతే పాడారు. పాడినామె మంచి గాయని, పేరెందుకులే. "రచన ఎవరిదో తెలియదు, సంప్రదాయ కీర్తన" అని ప్రకటించారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. సంప్రదాయమంత పాతదాన్నయ్యానా అని ఒక క్షణం మురిసిపోయి, తరువాత ఒళ్లు మండి లేచి వచ్చేశాను.

పెద్దలు పాటలో ముద్ర, అంటే రాసినవారి గుర్తుగా ఒక పేరు, ఎందుకు పెట్టుకున్నారో ఆ రాత్రి అర్థమైంది. తంజావూరు బంగారు కామాక్షి మీద పాడిన శ్యామశాస్త్రిగారు 'శ్యామకృష్ణ' అన్నారు. దీక్షితులు 'గురుగుహ'. త్యాగయ్య తన పేరే పెట్టుకున్నారు. ఆయన ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరు మా పక్క ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే ఉంది. శ్యామశాస్త్రిగారి పూర్వులదీ అక్కడి కంభమే. తంజావూరు అనగానే అదెక్కడో పరాయి సంగతన్నట్టు మాట్లాడే మా ఊరివాళ్లకు ఇది చెబితే నమ్మరు.

నా ముద్ర ఇంకా కుదరలేదు. 'జొన్నవాడ' అన్న నాలుగక్షరాలు చరణంలో ఏ పాదం మొదట పెట్టినా, రెండో అక్షరం 'న్న' ప్రాసకు అడ్డం తిరుగుతోంది. ఈలోగా ఒక నాట్యాచార్యురాలు వచ్చే నెలకు తిల్లానా కావాలన్నారు. జతులు, అంటే అడుగులకు పలికే తాళపు మాటలు, వాట్సాప్‌లో పంపారు, అమ్మాయికి దుస్తులు కూడా కుట్టించేశారట. నేనింకా రాగం తేల్చుకోలేదు.