ఎడమ చేత్తో అన్నం

ఆ సోమవారం రాత్రి మా అమ్మాయి ఎడమ చేత్తో చెంచా పట్టుకుని పప్పన్నం తింటోంది. "ఎడమ చేత్తో ఏంటది? కుడి చేత్తో తిను" అన్నాను. ఈ దేశం వచ్చాక అన్నం దగ్గర మేం ఇంకా పట్టుబట్టే పద్ధతులు రెండో మూడో మిగిలాయి, వాటిలో ఇదొకటి. తను మాట్లాడకుండా చెంచా కుడి చేతికి మార్చుకుంది. రెండు ముద్దలు తినకముందే చెంచా జారి కంచంలో పడింది. అప్పుడు చూశాను. బొటనవేలి కింద మణికట్టు ఉబ్బి ఉంది.

పడింది శనివారం. మేం ఉండేది సియాటిల్‌కు తూర్పున, సమామిష్‌లో. ఇంటికి దగ్గర్లోనే డూతీ హిల్ పార్కు ఉంది. 2010లో తెరిచిన ఆ పార్కులో మౌంటెన్ బైకుల కోసమే అడవిలో దారులు వేశారు. ఆకుపచ్చ గుండ్రం గుర్తు ఉంటే సులువు, నీలం చతురస్రం అయితే మధ్యరకం, నల్ల డైమండ్ అయితే కష్టం. ఇక్కడ అక్టోబరులో వానలు పట్టుకున్నాయంటే దారికి అడ్డంగా ఉన్న చెట్ల వేర్లు నూనె రాసినట్టు జారుతాయి. నీలం దారిలో ఒక మలుపు దగ్గర అలాంటి వేరు మీద ముందు చక్రం జారింది. కుడి అరచెయ్యి నేలకు ఆన్చి పడింది. ఫ్రెండ్స్ లేపారు. ఇంటికొచ్చి సైకిల్‌ను గ్యారేజీలో గోడవైపు తిప్పి పెట్టి, హోంవర్క్ చేసుకుని పడుకుంది.

రెండు రోజులు. పదమూడేళ్ళ పిల్ల రెండు రోజులు ఆ నొప్పి ఓర్చుకుని మా మధ్యే తిరిగింది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే నువ్వు అరుస్తావ్. ఇంక బైక్ వద్దంటావ్" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. అంతకుముందు వేసవిలో మోకాలు చీరుకుని వచ్చినప్పుడు నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "నిన్నక్కడికి ఎవరు వెళ్ళమన్నారు?" అనే. మందు ఆ తర్వాత రాశాను. మనలో చాలామంది ఇళ్ళల్లో వరస ఇదే కదా. ముందు తిట్లు, తర్వాత పసుపు. తిట్టేది ప్రేమతోనే, భయంతోనే. కానీ వినే పిల్లకు తిట్టు ఒక్కటే వినబడుతుంది.

నేనూ దాచిన పిల్లనే. శ్రీకాళహస్తిలో ఐదో తరగతి చదివేటప్పుడు అద్దె సైకిల్ మీద, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ స్వర్ణముఖి ఒడ్డున కంకరలో పడ్డాను. మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయింది. పావడా కిందికి లాక్కుని వారం రోజులు నడిచాను. చీము పట్టి జ్వరం వచ్చాక గానీ ఇంట్లో తెలియలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని సైకిల్ మచ్చ అనుకున్నాను. అది చెప్పకుండా దాచినందుకు పడిన మచ్చ అని మొన్ననే తోచింది.

మర్నాడు డాక్టరు దగ్గర తెలిసిన సంగతి ప్రతి అమ్మానాన్నా తెలుసుకోవాల్సింది. మీ కుడి చేతి బొటనవేలిని బాగా వెనక్కి చాచి ఉంచండి. మణికట్టు పక్కన, పైకి తేలిన రెండు నరాల మధ్య చిన్న గుంట పడుతుంది. ఇంగ్లీషులో దానికి ముక్కుపొడి డబ్బీ అని పేరు, ఒకప్పుడు పొడి అక్కడ పోసుకుని పీల్చేవారట. మా తాత కూడా ముక్కుపొడి మనిషే, చిటికెతో పీల్చేవాడు. ఆ గుంటలో డాక్టరు వేలితో నొక్కగానే మా అమ్మాయి కుర్చీలో ఎగిరిపడింది. ఎక్స్‌రే తీశారు. ఏమీ కనబడలేదు.

కనబడకపోయినా బొటనవేలితో సహా చెయ్యి కదలకుండా కట్టు వేశారు. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ అని జీడిపప్పు ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. చెయ్యి చాచి పడినప్పుడు మణికట్టు చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది అదే. సన్నటి విరుగు మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదు. అందుకే అనుమానం ఉంటే కట్టు వేసి, పది పధ్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీస్తారు. ఆ ఎముకకు రక్తం వేళ్ళ వైపు చివర నుంచి వెనక్కి పారుతుంది. మధ్యలో విరిగితే వెనక సగానికి రక్తం అందక ఎముక అతుక్కోకపోవచ్చు, ఆ ముక్క చచ్చిపోనూ వచ్చు. బెణుకే అనుకుని వదిలేస్తే ఏళ్ళ తర్వాత మణికట్టు అరిగిపోయి బయటపడొచ్చు. మా అమ్మాయికి పన్నెండో రోజు తీసిన రెండో ఎక్స్‌రేలో సన్నటి గీత కనబడింది. పక్కకు జరగలేదు గనుక ఆపరేషన్ అవసరం లేకపోయింది. మొత్తం పది వారాలు కట్టు.

ఇదంతా మా అమ్మకు ఫోన్లో చెప్పడం ఇంకో పని. అమ్మకు బైక్ అంటే మోటారు సైకిలే. అది సైకిలేనమ్మా అని ముందు నమ్మించాలి. "ఎముక విరగలేదని ఎక్స్‌రేలో వస్తే మళ్ళీ కట్టెందుకు మే?" అంది మొదటిసారి. రెండోసారి, "ఆడపిల్లను కొండలెక్కించి చెయ్యి విరగ్గొట్టుకుంటారా? ఇక్కడుంటే ఈపాటికి పుత్తూరుకు పిలుచుకుపోయి కట్టు కట్టించుండేదాన్ని" అంది. పుత్తూరు దగ్గర ఈశ్వరాపురంలో ఆకు పసరూ కోడిగుడ్డు తెల్లసొనా వెదురు బద్దలూ పెట్టి కట్టే కట్టు మా చిత్తూరు వైపు వాళ్ళకు ఆసుపత్రి కంటే ముందు గుర్తొస్తుంది. మా మామయ్య ముంజేయి అక్కడే అతుక్కుంది, నేను కళ్ళారా చూశాను. అయినా ఈ ఎముక వేరు. దీన్ని ఎక్స్‌రే లేకుండా నమ్మలేం. ఆ సంగతి అమ్మకు నచ్చజెప్పడానికి నాకు మూడు ఫోన్లు పట్టింది. పక్కన మా అమ్మాయి ఆ "ఆడపిల్ల" మాట వింటూనే ఉంది. ఆ మాట నన్ను బాధపెట్టింది. చెయ్యి విరగడానికి ఆడా మగా ఏముంది?

చేతి సంగతి తేలాక సైకిల్ వంతు. గోడవైపు తిప్పి పెట్టడానికి కారణం అప్పుడు తెలిసింది. వెనక గేర్లు మార్చే డీరెయిలర్ లోపలికి ఒరిగిపోయి ఉంది. డబ్బులెన్ని అవుతాయో అని అదీ దాచింది. షాపుకు తీసుకెళ్తే మెకానిక్ వెనక నుంచి వంగి చూసి, పోయింది హ్యాంగర్ ఒక్కటేనన్నాడు. డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. దాన్ని మెత్తగా చేసేది కావాలనే. సైకిల్ కుడిపక్కకు పడితే ఆ ముక్క వంగాలి, లేదా విరగాలి, ఫ్రేము మాత్రం నిలవాలి. ఒకప్పుడు ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం హ్యాంగర్ ఉండేది. 2019లో స్రామ్ కంపెనీ యూడీహెచ్ అని ఒకే రకం ముక్క తెచ్చాక చాలా కొత్త ఫ్రేములకు అదే సరిపోతోంది. మాది అంతకుముందుది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. మోడల్ చూసి తెప్పించుకోవాల్సి వచ్చింది. 20 డాలర్లకు అటూఇటూ అయింది, అంతే.

కానీ వంగిన హ్యాంగర్‌తోనే తొక్కి ఉంటే? ఎత్తు ఎక్కడానికి వెనక పెద్ద పళ్ళచక్రం మీదికి గేరు వేయగానే డీరెయిలర్ వెళ్ళి చక్రం పుల్లల్లో చిక్కుకుంటుంది. డీరెయిలర్ పోతుంది, పుల్లలు పోతాయి, ఒక్కోసారి ఫ్రేము కూడా. మెకానిక్ చక్రాన్ని మెల్లగా తిప్పుతూ అది ఎంత దగ్గరికి వస్తుందో చూపించాడు. వేలు పట్టేంత సందు కూడా లేదు. మా అమ్మాయి ఆ సందు వైపే చూస్తూ నిలబడింది. హెల్మెట్ కుడిపక్కన కూడా గీతలున్నాయి. దాన్నీ మార్చేశాం. లోపలి నురగ ఒక్క దెబ్బకు నలగడానికే చేసింది, నలిగాక మళ్ళీ కాపాడలేదు.

ఆ గీతలే నన్ను ఎక్కువ నిద్రపోనివ్వలేదు. ఎముక ఎప్పటికైనా ఎక్స్‌రేలో కనబడుతుంది. తల అదిరితే చాలాసార్లు స్కాన్‌లో కూడా ఏమీ కనబడదు. పిల్లలు నోరు విప్పి తలనొప్పి అనీ, వెలుతురు చూడలేకపోతున్నాననీ చెబితేనే తెలిసేది. ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే 2006లో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ళ అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బ తగిలాక మళ్ళీ ఆటలోకి దిగి మెదడుకు తీవ్రమైన గాయంతో కుప్పకూలాడు. అతని పేరుతోనే 2009లో ఇక్కడ చట్టం వచ్చింది. తల అదిరిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లను ఆట నుంచి తీసేయాలి. వైద్యులు రాసిచ్చేదాకా మళ్ళీ దించకూడదు. అదృష్టం కొద్దీ మా అమ్మాయి తలకు ఏమీ కాలేదు. అయి ఉంటే ఆ రెండు రోజుల మాటేమిటి?

కట్టు తీశాక నైకా టీమ్‌లో చేర్పించాం. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలకు మౌంటెన్ బైక్ నేర్పే సంఘం అది. అమ్మాయిల కోసం గ్రిట్ అని ప్రత్యేకంగా కార్యక్రమం కూడా నడుపుతారు. మొదటి రోజు ఒక పిల్ల పడితే కోచ్ పరిగెత్తి వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. లేపలేదు, తిట్టలేదు. మెల్లగా "ఎక్కడ నొప్పి?" అని అడిగి, ఆ పిల్ల చెప్పేదాకా ఆగింది. సైకిల్ సంగతి చివర్లో. నేను కంచె పక్కన నిలబడి ఆ వరస మనసులో రాసుకున్నాను.

నోరు తిప్పుకోవడం సులువు కాలేదు. "ఎవరు వెళ్ళమన్నారు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. దాన్ని మింగి "ఎక్కడ?" అనడం అలవాటు చేసుకున్నాను.

మొన్న మార్చిలో తను గ్యారేజీ గుమ్మంలోంచే "అమ్మా, పడ్డాను" అంది. "ఎక్కడ?" అన్నాను. నేను అడగకముందే కుడి బొటనవేలు పైకెత్తి చెయ్యి చాచింది. గుంటలో నొక్కాను. నొప్పి లేదు. తల అదరలేదు. ఎడమ మోకాలు బురదా రక్తమూ కలిసి ఉంది. "చైన్ తెగింది, క్విక్ లింక్‌తో అతికించుకుని వచ్చేశా" అంది.

పంపు దగ్గర మోకాలు కడుగుతుంటే అమ్మ వీడియో కాల్ చేసింది. ఫోన్ పక్కకు తిప్పేద్దామనుకున్నాను. మా అమ్మాయే లాక్కుని మోకాలి వైపు పెట్టి, "అవ్వా, పడ్డాను" అంది.

అటు ఒక్క క్షణం మాట లేదు.

"యాడ తగిలింది నాయనా?" అంది అమ్మ. "పసుపు పెట్టినారా?"