పీఎఫ్ అడిగితే డబ్బు చూపించమన్నారు

అనంతపురంలో ఒక యువజన సంస్థలో నేను అకౌంట్స్ చూస్తాను. చదువు మధ్యలో ఆపేసిన పిల్లలకు టైలరింగ్, కంప్యూటర్, సెల్‌ఫోన్ రిపేరు నేర్పిస్తాం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు పల్లెల్లో యువజన సంఘాలు నడుపుతాం. ఉద్యోగులం 16 మందిమి. పీఎఫ్ (భవిష్య నిధి) చట్టం 20 మంది, ఆపైన ఉన్న సంస్థలకే తప్పనిసరి కాబట్టి మాకు పీఎఫ్ లేదు. ఇన్సూరెన్సూ లేదు.

బడ్జెట్ వేసే ముందు డైరెక్టర్ సార్ సర్క్యులర్ ఇచ్చారు. ఉద్యోగులకు ఏం మేలు చేయొచ్చో, ఎక్కడ ఖర్చు తగ్గించొచ్చో రాసివ్వమని. ఆ కాగితాలు పోగుచేసే పని నాకు పడింది. మేలు కింద అందరూ జీతం పెంచమనే రాశారు. ఖర్చు కింద దాదాపు అందరూ ఖాళీగా వదిలేశారు. ఏదైనా రాస్తే ముందు తమ టీఏకే (ప్రయాణ ఖర్చులకే) కోత పడుతుందని భయం, అంతే. ఇక కాగితాలు పక్కనపెట్టి, పొద్దున ఉగ్గాని తినే దగ్గర ఒక్కొక్కరినీ కదిలించాను.

అక్కడ మాటలు బాగానే వచ్చాయి. డ్రైవర్ అన్న, "కళ్యాణదుర్గం దాటే కదా మేడం రాయదుర్గం పోయేది. ఒకే దావన, ఒకే రోజు రెండు బండ్లు ఎందుకు పోతాండాయి?" అన్నాడు. రెండు ప్రాజెక్టుల వాళ్లు ఎవరి బండి వాళ్లు పెట్టుకుంటున్నారు, అదీ సంగతి. వంట చేసే అక్క, "40 మందికి వండమంటారు, 30 మంది వస్తారు. పొద్దున్నే ఫోన్ చేసి లెక్క చెప్తే సరిపోతుంది కదా" అంది. తేదీ లేకుండా ఫ్లెక్సీ కొట్టిస్తే ఏడాదంతా వాడొచ్చని ఇంకొకరన్నారు. డబ్బు ఎక్కడ పోతోందో వోచర్లు చూసే నాకంటే వీళ్లకే బాగా తెలుసు.

మేలు విషయంలో అందరి నోటా వచ్చింది పీఎఫ్. సార్‌కి చెప్తే, "మంచిదేనమ్మా, డబ్బెక్కడిది? చూపించు" అన్నారు.

లెక్క వేశాను. 20 మంది లోపున్న సంస్థకు 10 శాతమే కాబట్టి, 15,000 జీతం మీద ఉద్యోగి వాటా 1,500. సంస్థ వాటా కూడా అంతే. దానికి పరిపాలన చార్జీ, బీమా కలిపి ఇంకో శాతం, 150. మనిషికి నెలకు 1,650 సంస్థ పెట్టుకోవాలి. మిగిల్చిన డీజిల్ డబ్బు ఇందులోకి మళ్లిద్దామని అందరూ అనుకున్నారు కానీ, దాతల డబ్బుతో అది కుదరదు. బండికని ఇచ్చింది బండికే. మిగిలితే వాళ్ల అనుమతి అడగాలి, లేదా వెనక్కివ్వాలి. పైగా విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో మార్చాక, ఆ విరాళాల్లో పరిపాలన ఖర్చుకు వాడుకోగల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. ఆఫీసు వాళ్ల జీతాలు అందులోకే వస్తాయి.

అందుకని రెండుగా విడదీశాను. ఫీల్డ్ వాళ్ల పీఎఫ్ వాటాను దాతలకిచ్చే కొత్త ప్రపోజల్‌లో జీతం పద్దులోనే రాయాలి. బండి పద్దు తగ్గించి చూపిస్తాం కాబట్టి మొత్తం పెద్దగా పెరగదు. ఆఫీసు వాళ్లది స్థానిక విరాళాల నుంచి, శిక్షణ హాలు అద్దె నుంచి.

అసలు టెన్షన్ సంతకాల దగ్గర. 20 మంది లేకపోయినా స్వచ్ఛందంగా చేరొచ్చు, కానీ సంస్థతో పాటు ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకోవాలి. కుర్రాళ్లు ఒప్పుకోలేదు. "1,500 పోతే బండి ఈఎంఐ ఎట్ల కట్టేదక్కా?" అన్నాడొకడు. వాడి మాటా నిజమే, వాడి జీతంతో ఇల్లు గడవాలి. సంస్థ ఇచ్చే 1,500లో 1,250 పెన్షన్‌కి, 250 ఖాతాకి పోతాయని, ఉద్యోగం మారినా అదే యూఏఎన్ (పీఎఫ్ నంబరు) వెంట వస్తుందని, సర్వీసులో ఉండగా చనిపోతే ఇంటివాళ్లకు గరిష్ఠంగా 7 లక్షల బీమా ఉందని చెప్పాను. పెళ్లైనవాళ్లు వెంటనే సంతకం పెట్టారు. ఇద్దరు పెట్టలేదు. మెజారిటీ మాత్రం వచ్చింది.

కార్యవర్గంలో ఒక పెద్దాయన, "చట్టం అడగనిది మనమెందుకు నెత్తినేసుకోవాలి?" అన్నారు. శిక్షణ ఇచ్చి తయారుచేసుకున్న కోఆర్డినేటర్లు పీఎఫ్ ఉన్న చోటికి వెళ్లిపోయిన సంగతి సారే గుర్తుచేశారు. దాతలు ఒప్పుకుంటేనే అన్న షరతుతో పాసైంది. ఒప్పుకున్నారు కూడా, కాకపోతే బండి పద్దు మేం చూపినదానికన్నా ఇంకొంచెం కోసి!

దాతల జవాబుకు ఎదురుచూస్తుండగానే చిన్నవి రెండు అయిపోయాయి. మొదటిది ప్రభుత్వ బీమా పథకాలు. ఏడాదికి 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, రెండింటి ప్రీమియమూ సంస్థే ఇస్తుంది. ఒక్కోదానికి 2 లక్షలు. అందరికీ కలిపి 8 వేలు కూడా కాదు, పల్లె దావల్లో బైకుల మీద తిరిగేవాళ్లకు ఇన్నాళ్లూ ఇది ఎందుకు చేయలేదో నాకిప్పటికీ అర్థం కాదు. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు కాబట్టి డ్రైవర్ అన్నకు సురక్షా ఒక్కటే దొరికింది. రెండోది, టీఏ బిల్లులు పదో తేదీలోపు ఇచ్చేయడం. దీనికి పైసా ఖర్చు లేదు. అన్నిటికంటే ఎక్కువ సంతోషం కనిపించింది మాత్రం దీనికే.

ఆరోగ్య బీమా మిగిలిపోయింది. కొటేషన్లు తెప్పిస్తున్నాను. డబ్బు ఎక్కడిదని సార్ మళ్లీ అడుగుతారు కాబట్టి, ఈలోపు కరెంటు బిల్లులు ముందేసుకున్నాను. శిక్షణ హాల్లోవి 75 వాట్ల పాత ఫ్యాన్లు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీవి అయితే 30 వాట్లు అటూ ఇటూ.