రెండు టూల్స్‌కీ ఒకటే లైను రాశాం

మాదాపూర్‌లో చిన్న టీమ్ మాది, ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి వాట్సాప్‌లో బుకింగ్స్ తీసుకునే ఏఐ ఏజెంట్ చేస్తున్నాం. పోయిన నెల ఒకరోజు పొద్దున పదిన్నరకి కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "ఏడింటికి ఇంటికొచ్చి రక్తం తీస్కుంటమన్నరు కదా బాబూ, పొద్దుగాల్నుంచి చాయ్ కూడా తాగలే" అన్నారు. షుగర్ పేషెంట్, ఫాస్టింగ్ టెస్ట్, ముందురోజు రాత్రి తిన్నదే. మా ఏజెంట్ ఏడింటి స్లాట్ కన్ఫర్మ్ చేసిన మాట నిజమే, కానీ అది సెంటర్‌కి వెళ్లి ఇచ్చే స్లాట్, ఆయన ఇంటికి ఎవరూ బయల్దేరనే లేదు. ముందు ఏమన్నా తినండి సార్, రేపు పంపిస్తాం అని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ చాలాసేపు ఏ పనీ తోచలేదు.

లాగ్స్ తీసి చూస్తే ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్‌ని అనడానికి ఏమీ లేదు. మా దగ్గర గెట్ స్లాట్స్ అని ఒక టూల్ (అంటే మోడల్ పిలిచి పని చేయించుకునే మా ప్రోగ్రాం), చెక్ స్లాట్స్ అని ఇంకో టూల్ ఉన్నాయి, మొదటిది సెంటర్‌కి, రెండోది హోమ్ కలెక్షన్‌కి. మాకందరికీ తెలిసిందే, కోడ్ తెరిచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మోడల్‌కి కోడ్ కనపడదు కదా, దానికి కనపడేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల స్కీమా (టూల్‌కి ఏయే వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది), అంతే. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ (మోడల్ ఇలా టూల్స్‌ని పిలిచే పద్ధతి) తెచ్చినప్పుడూ అంతే, 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఎంసీపీ (టూల్స్‌ని ఏఐకి కలిపే ఓపెన్ స్టాండర్డ్) రిలీజ్ చేశాకా అంతే. మరి మేం రెండింటికీ ఏం రాశామయ్యా అంటే "ఖాళీ స్లాట్స్ ఇస్తుంది" అని, అక్షరం తేడా లేకుండా.

ఆ రోజే కూర్చుని మార్చడం మొదలుపెట్టా. ముందు పేర్లు మార్చా, సెంటర్ స్లాట్స్, హోమ్ కలెక్షన్ స్లాట్స్ అని. తర్వాత హోమ్ కలెక్షన్ టూల్ డిస్క్రిప్షన్, తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "టెక్నీషియన్ కస్టమర్ ఇంటికి వెళ్లి శాంపిల్ తీసుకునే ఖాళీ టైములు ఇస్తుంది. కస్టమర్ తానే సెంటర్‌కి వస్తానంటే ఇది వాడొద్దు, సెంటర్ స్లాట్స్ వాడాలి. ఇంటికా సెంటర్‌కా అన్నది కస్టమర్ చెప్పకపోతే ముందు అడగాలి. ఇది స్లాట్స్ చూపిస్తుందంతే, బుక్ చెయ్యదు." నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ రెండో వాక్యం. టూల్ ఎప్పుడు వాడాలో అందరం రాస్తాం, ఎప్పుడు వాడకూడదో, దాని బదులు ఏది వాడాలో రాయం.

డేట్ పారామీటర్‌తో ఇంకో గొడవ. మన హైదరాబాద్‌లో సగం మంది తెలుగు, ఉర్దూ కలిపి టైప్ చేస్తారు, "కల్ సుబహ్ ఆనా" అని. కల్ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. ఇంకొకరు 05/06 అని పెడతారు, మనకది జూన్ 5, అమెరికా పద్ధతిలో చదివితే మే 6. అందుకని "బుకింగ్ తేదీ ఎప్పుడూ ఈ రోజు గానీ ఆ తర్వాత గానీ, ఫార్మాట్ 2025-06-05 లాగా, కస్టమర్ రాసే తేదీల్లో ముందు రోజు, తర్వాత నెల" అని రాశా. ఏరియా బదులు ఆరంకెల పిన్‌కోడ్ అడిగి, ఉదాహరణకి 500072 అని పెట్టా. అప్పటిదాకా గుడి పక్క గల్లీ అని కస్టమర్ ఏది రాస్తే మోడల్ అదే పంపించేది, పాపం దానికి ఏం పంపాలో ఎవరు చెప్పారు గనక!

తిరిగొచ్చే డేటా గురించి కూడా రాయాలి. మా సర్వర్ టైముల్ని యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఇస్తుంది, పొద్దున 7 గంటల స్లాట్ 01:30 అని వస్తుంది, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఇది మాత్రం డిస్క్రిప్షన్‌లో రాసి వదిలెయ్యకుండా టూల్‌లోనే మన టైమ్‌కి మార్చేశాం. ఖాళీ లిస్ట్ వస్తే మోడల్ తనకి తోచిన కారణం చెప్పేది, ఇప్పుడు "ఈ పిన్‌కోడ్‌కి హోమ్ కలెక్షన్ లేదు" అనో "ఆ రోజు నిండిపోయింది, వేరే తేదీ చూడు" అనో స్పష్టంగా వెనక్కి పంపిస్తున్నాం.

ఇవన్నీ పెడితే టోకెన్లు (మోడల్ చదివే టెక్స్ట్‌ని లెక్కపెట్టే ముక్కలు) పెరుగుతాయి అని మా వాళ్లే అన్నారు. పెరుగుతాయి, ప్రతి రిక్వెస్ట్‌లో డిస్క్రిప్షన్లన్నీ వెళ్తాయి కాబట్టి. అయినా ఆంత్రోపిక్ డాక్యుమెంటేషన్‌లోనే ఒక్కో టూల్‌కి కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయమని ఉంది. నేనైతే వాడని టూల్స్ తీసేసి చోటు చేశా.

ఇప్పుడు ఏ డిస్క్రిప్షన్ రాసినా సెంటర్ రిసెప్షన్‌లో ఉండే అక్కకి చదివి వినిపిస్తున్నా. కోడ్ రాదు ఆమెకి, కానీ రోజూ ఫోన్లు ఎత్తేది ఆమే. రిపోర్ట్ స్టేటస్ టూల్ విని, "తమ్ముడూ, రెడీ అంటే డాక్టర్ సైన్ అయినట్టా, మిషన్ల నుంచి వచ్చినట్టా?" అని అడిగింది. మా నలుగురిలో ఎవరికీ ఆ ప్రశ్న రాలేదు. అది సరిచేసి, ఇప్పుడు క్యాన్సిల్ టూల్ మీద ఉన్నా, "కస్టమర్ అవును అని స్పష్టంగా చెప్పాకే పిలవాలి, ఒకసారి క్యాన్సిల్ చేస్తే ఆ స్లాట్ తిరిగి రాదు" అన్నంతవరకూ వచ్చింది. మిగతాది రాసి సాయంత్రం అక్కకి వినిపించాలి.