ఈ గది ఎవరి అప్పు?

మా ఊరి ప్రాథమిక పాఠశాలలో గదులకు నంబర్ల కంటే పథకాల పేర్లే స్థిరపడ్డాయి. చీపురుపల్లి దాటాక వచ్చే చిన్న ఊరు మాది. ప్రధానోపాధ్యాయుడిగా అక్కడే పదవీ విరమణ చేశాను. ‘ఒకటో తరగతిని డీపెప్ గదిలో కూర్చోబెట్టండి’ అంటే కొత్త టీచరు తెల్లమొహం వేసినా, ఆయా మాత్రం నేరుగా వెళ్లి ఆ గది తాళం తీసేది. 1990లలో బ్రిటన్ సాయంతో మన రాష్ట్రంలో డీపెప్, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం, మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఒకటి. ఆ డబ్బుతో లేచిన గది అది. పక్కన వరండా ఉన్న రెండు పాత గదులు 1987 నాటి బ్లాక్‌బోర్డు పథకం చలవ. ఆ పథకంలో గోడల ఖర్చు చాలావరకు గ్రామీణ ఉపాధి పథకాల పద్దులోంచే వచ్చేది. ఇప్పటి ప్రహరీ కూడా ఉపాధి హామీదే!

ఊళ్లో బడి ఉంది, పంచాయతీ ఉంది. కానీ గది కట్టాలంటే పంచాయతీ దగ్గర డబ్బుండదు. నా ఇంటి పన్ను రసీదు తీసి చూశాను: ఇంటి పన్ను, నీటి పన్ను, దీపాల పన్ను, రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు. బడి ఊసే లేదు. ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముందే ముడిపడి వస్తుంది. విద్యాహక్కు చట్టం బడి అభివృద్ధి ప్రణాళిక రాసే పని తల్లిదండ్రుల కమిటీకి అప్పగించింది. రాయడం వరకే వాళ్ల చేతిలో ఉంది.

మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? బడుల కోసం ఉన్న కేంద్ర పథకం సమగ్ర శిక్షలో నూటికి కేంద్రం 60, రాష్ట్రం 40. అది చాలనప్పుడు గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు నడిపే గ్రామీణ మౌలిక వసతుల నిధి. 1995లో పెట్టిన ఈ నిధి కథ నాకు భలే ఇష్టం. వ్యవసాయానికీ ఇతర ప్రాధాన్య రంగాలకూ ఇవ్వాల్సినంత అప్పు ఇవ్వని బ్యాంకులు, ఆ తగ్గిన మొత్తాన్ని అక్కడ జమ చేయాలి. నాబార్డు దాన్ని రాష్ట్రాలకు అప్పుగా ఇస్తుంది. ఎక్కడో ఒక రైతుకు అందని అప్పు మా పిల్లల తరగతి గది కావచ్చు.

2019 నవంబరు 14న మొదలైన, సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో ఇలాంటి పద్దులన్నీ కలిపారు. తొలి విడతలో మరుగుదొడ్లు, ఫ్యాన్లు, రంగులు వచ్చాయి, నిజంగా బాగున్నాయి. పనులు తల్లిదండ్రుల కమిటీల చేత చేయించడం మంచి ఆలోచనని ఇప్పటికీ అంటాను. రెండో విడతలో మంజూరైన అదనపు గది మాత్రం పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. చువ్వల మధ్య తాడు కట్టి భోజనం వండే ఆవిడ గుడ్డలు ఆరేస్తోంది. మిగిలిన సిమెంటు బస్తాలు బిగుసుకుపోయి బండలయ్యాయి. పిల్లలు వాటి మీద కూర్చుని అన్నం తింటున్నారు. బిల్లు ఏ పద్దులో ఆగిందో కమిటీ అధ్యక్షురాలికి చెప్పినవాళ్లు లేరు.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ బడి కట్టాలంటే ఆ ప్రాంతపు పాఠశాలల బోర్డు బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. ముందుగా ఓటర్లను అడగాలి. 2019 చట్టం తరువాత బ్యాలెట్ మీదే ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని రాయాల్సి వస్తోంది. తీర్చడం ఏళ్ల తరబడి, ఇళ్ల మీద వేసిన పన్నుతోనే. దీనిలోనూ లోపముంది: ఖరీదైన ఇళ్లున్న చోట కొద్ది పన్నుకే బోలెడు డబ్బు, పేద చోట ఎంత వేసినా చాలదు. ఆ పద్ధతి మా మండలానికి తెస్తే పెంకుటిళ్ల మీద ఏం వసూలవుతుంది? అందుకే పై నుంచి డబ్బు రావాలనే నేనంటాను.

కానీ అప్పు మన దగ్గరా ఉంది. నాబార్డుకు వడ్డీతో కట్టేది మన పన్నుల సొమ్మే. ఎంత తెచ్చారో, మా గది వంతు ఎంతో గ్రామసభలో చదివి వినిపించమంటే, ‘మాస్టారూ, అది పైవాళ్ల లెక్క’ అన్నారు. పైవాళ్ల లెక్కయితే తీర్చేది కిందివాళ్లెందుకో!

అక్కడి బడి బాండ్లకు అమ్మాయి ‘అవును’ అని ఓటేసిందట. పన్ను పెరిగిందని అల్లుడుగారు ఇప్పటికీ సణుగుతున్నారు. ఆయన సణుగుడుకు ఒక అంకె ఉంది, నాకు అదీ లేదు.