నాయనతో ప్లెయిన్స్ ఊరికి

మా నాయన అమెరికా వచ్చి మూడు వారాలైంది. చేపల అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, స్టోన్ మౌంటెన్ అన్నీ తిప్పాను. ప్రతిచోటా "బాగుందిరా" అనేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఒక రాత్రి అన్నం తింటూ, "ఇంతకీ ఈ దేశంలో చేన్లు యాడుంటాయిరా?" అని అడిగాడు. నలభై ఏళ్లు కళ్యాణదుర్గం దగ్గర ఏడెకరాల ఎర్రనేలలో చెనిక్కాయ వేసిన మనిషి. అమ్మ పోయాక, ఆ ఏడే మొదటిసారి చేను కౌలుకిచ్చి అట్లాంటాలో ఉన్న నా దగ్గరకొచ్చాడు. మూడు వారాలుగా ఆయనకు నేను చూపించినవి అద్దాలూ గోడలే.

2024 అక్టోబరు మూడో వారం, శనివారం. తెల్లవారకముందే బయల్దేరాం. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఊరు ప్లెయిన్స్ అట్లాంటాకు దక్షిణంగా సుమారు 150 మైళ్లు. కార్టర్ పేరు నాయనకు కొత్త కాదు. 1978 జనవరిలో ఆయన మన దేశం వచ్చినప్పుడు నాయనకు ఇరవై ఏళ్లు. చెనిక్కాయలు పండించే ఆసామి అమెరికాకు ప్రెసిడెంటయ్యాడని రచ్చకట్ట దగ్గర చెప్పుకునేవాళ్లట. ఆ రాకలోనే ఆయన హర్యానాలో దౌలత్‌పూర్ నసీరాబాద్ అనే పల్లెకు వెళ్లాడు. తర్వాత ఆ పల్లె తన పేరు కార్టర్‌పురి అని మార్చుకుంది.

"ఆ మనిషి ఇంకా ఉండాడా?" అన్నాడు నాయన.

ఉన్నాడు. ఆ నెల ఒకటో తేదీకే నూరేళ్లు నిండాయి. ఏడాదిన్నర పైగా ఆసుపత్రులు వద్దనుకుని, సొంత ఇంట్లోనే మంచం మీద ఉన్నాడని చెప్పాను. నాయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

కొలంబస్ దాటాక పెద్ద రోడ్డు వదిలేశాం. రెండు వరసల దారి, అటూ ఇటూ పైన్ చెట్లు. ఆ చెట్లు పలచబడగానే మట్టి రంగు మారింది. నాయన సీట్లో ముందుకు జరిగాడు. "ఆపురా, ఆపు." దిగి రోడ్డంచున ఉన్న మట్టిని వేళ్లతో నలిపి, వాసన చూశాడు. "మన ఎర్రనేలే. ఇసక పాలు కొంచెం ఎక్కువ. ఊడ బాగా దిగుతాది." ఎదురుగా కనుచూపు మేరా చెనిక్కాయ చేను, సాళ్లన్నీ తిరగేసి ఉన్నాయి. ట్రాక్టరు వెనక కట్టిన యంత్రం చెట్టును వేళ్ల కింది నుంచి లేపి, మన్ను దులిపి, కాయలు పైకి, ఆకు కిందికి వచ్చేలా పడేస్తూ పోతుంది. రెండు మూడు రోజులు ఎండాక ఇంకో యంత్రం వచ్చి కాయ వేరు, కట్టె వేరు చేస్తుంది. మా చేలో ఎకరా పెరకడానికి పదిమంది ఆడకూలీలు పొద్దుగూకేదాకా నడుము వంచాలి. వాన పడి నేల తడిగా ఉంటే సరి, లేకపోతే కాయ భూమిలోనే తెగిపోతుంది. నాయన ఒక్కో సాలూ చూస్తూ గట్టు వెంబడి చాలా దూరం నడిచాడు. ట్రాక్టరు మీదున్న ముసలాయన చెయ్యెత్తాడు, నాయనా ఎత్తాడు. ఇద్దరి మధ్యా అంతకంటే మాట లేదు. అమెరికాలో పండే చెనిక్కాయలో దాదాపు సగం ఈ ఒక్క జార్జియాలోనే పండుతుందని చెబితే, "నీళ్లుండాయి కదా" అన్నాడు. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు పడితే.

ప్లెయిన్స్ జనాభా ఆరువందల లోపే. ఊరి బయటే పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న చెనిక్కాయ బొమ్మ, 13 అడుగుల ఎత్తు. 1976 ఎన్నికలప్పుడు ఇండియానాలో కార్టర్ పార్టీవాళ్లు చేయించింది. నాయన దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. అమెరికాలో ఆయన అడిగి తీయించుకున్న ఫొటో అదొక్కటే.

ఊరి నడుమ చిన్న చెక్క రైల్వే స్టేషన్ ఉంది, 1888లో కట్టింది. కార్టర్ ప్రచారానికి ముఖ్య కార్యాలయం ఇదే. ఊళ్లో ఖాళీగా ఉండి, బాత్‌రూమ్ ఉన్న కట్టడం వేరే దొరకలేదట. ఇక్కడి నుంచి ఇరుగుపొరుగువాళ్లు సొంత ఖర్చుతో న్యూ హాంప్‌షైర్ చలిలోకి పోయి, తలుపు తలుపూ తట్టి, "మా ఊరి మనిషి, మాకు తెలుసు" అని చెప్పి వచ్చారు. వాళ్లకు 'పీనట్ బ్రిగేడ్' అని పేరు. గోడ మీద వాళ్ల ఫొటోల్లో సంక్రాంతికి ఊరెళ్లే బస్సు ఎక్కినంత సందడి కనిపించింది.

అక్కడి నుంచి ఊరి హైస్కూలుకు పోయాం. జిమ్మీ, ఆయన భార్య రోజలిన్ ఇద్దరూ చదివిన బడి. 1979లో మూతపడి, ఇప్పుడు మ్యూజియమైంది. జూలియా కోల్‌మన్ అనే టీచరు గురించి అక్కడ చదివాను. కాలం మారితే మనమూ మారాలి, మారని విలువలను మాత్రం వదలకూడదు అని ఆవిడ చెప్పిన మాటను 1977లో ప్రమాణ స్వీకార ప్రసంగంలో కార్టర్ పేరు పెట్టి మరీ తలచుకున్నాడు. లోకమంతా వింటున్న వేళ పల్లెబడి టీచరమ్మను తలచుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆ గదుల్లో నాయనకు ఒక్కో పలకా చదివి చెబుతుంటే ఆయన ఒకచోట ఆగిపోయాడు. 1953. కార్టర్ అప్పుడు నౌకాదళంలో ఆఫీసరు. అణు జలాంతర్గాముల పనిలో ఉన్నాడు, ముందు మంచి రోజులున్నాయి. తండ్రి ఎర్ల్‌కు క్యాన్సర్ అని తెలిసి ఊరికి వచ్చాడు. తండ్రి మంచం పక్కన కూర్చుంటే ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ, ఆయన తమకు చేసిన మేలు చెప్పుకుని పోయారట. చెప్పకుండా తీర్చిన అప్పులు, పిల్లలకు కొనిచ్చిన బట్టలు. నౌకాదళంలో తాను పెద్ద పదవికి ఎక్కినా ఇంతమందికి అక్కరకొస్తానా అనుకున్నాడు. ఉద్యోగం వదిలేశాడు. రోజలిన్‌కు అది బొత్తిగా ఇష్టం లేదు. తిరిగొచ్చే దారంతా ఆమె భర్తతో దాదాపు మాట్లాడలేదు. వచ్చాక పేదలకిచ్చే ప్రభుత్వ ఇంట్లో కాపురం. తర్వాతి ఏడు కరువు. విత్తనాలూ ఎరువులూ అమ్మే వ్యాపారంలో ఆ ఏడాది మిగిలింది రెండు వందల డాలర్ల లోపే.

"కరువు ఆయప్పకూ తప్పలేదు" అన్నాడు నాయన. కాసేపాగి, "కొడుకు వెనక్కి వచ్చినప్పుడు తండ్రి చూసినాడా?" అన్నాడు.

చూడలేదు. అప్పటికే పోయాడు. ఆ మాట చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

1950ల్లో ఊళ్లోని తెల్ల వ్యాపారులంతా నల్లవాళ్ల హక్కులను అడ్డుకునే సంఘంలో చేరితే కార్టర్ ఒక్కడూ చేరనన్నాడు. కొన్నాళ్లు గిరాకీ పడిపోయింది. 1962లో రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేస్తే ఇంకో కౌంటీలో ఒక పెత్తందారు పెట్టెలు నింపించాడు. చచ్చినవాళ్లూ, జైల్లో ఉన్నవాళ్లూ ఓటేసినట్టు, అదీ అక్షర క్రమంలో వరసగా వచ్చి వేసినట్టు జాబితాలో తేలింది. కోర్టుకెక్కి ఆ సీటు దక్కించుకున్నాడు. ఇది విన్న నాయన మా మండలంలో జరిగిన ఒక పంచాయతీ ఎన్నిక గురించి పావుగంట చెప్పాడు.

అయితే కార్టర్ మచ్చ లేని మనిషేమీ కాదు. 1970లో గవర్నరు ఎన్నికల్లో జాతి వివక్షను కోరుకునేవాళ్ల ఓట్లకు ఎర వేశాడు. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. గెలిచి, 1971 జనవరిలో ప్రమాణం చేసిన రోజున మాత్రం, జాతి వివక్షకు కాలం చెల్లిందని అదే జనం ముందు చెప్పాడు. తర్వాత రాష్ట్ర శాసనసభ భవనంలో మార్టిన్ లూథర్ కింగ్ పటం పెట్టించాడు. మొదటి దానికి రెండోది చెల్లు అని నేను అనను. రెండూ ఆ మనిషివే.

అధ్యక్షుడిగా గడిపిన నాలుగేళ్ల గదిలో మేం ఎక్కువసేపు ఆగలేదు. 1978లో క్యాంప్ డేవిడ్‌లో ఈజిప్టు, ఇజ్రాయెల్ నాయకులను పదమూడు రోజులు కూర్చోబెట్టి ఒప్పందానికి తేవడం, ధరల మంట, పెట్రోలు బంకుల ముందు బారులు, టెహ్రాన్‌లో 444 రోజులు బందీలైన అమెరికన్లు. 1980లో రీగన్ చేతిలో ఓటమి, యాభై రాష్ట్రాల్లో దక్కినవి ఆరే. ఆ బందీలు విడుదలైంది కూడా ఈయన కుర్చీ దిగిన కొద్ది నిమిషాలకే. ఊరికి తిరిగొచ్చేసరికి గోదాము వ్యాపారం పది లక్షల డాలర్ల అప్పులో ఉంది. దాన్ని అమ్మేశాడు. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు.

"అంటే రెండుసార్లు ఊరికొచ్చినాడు" అన్నాడు నాయన, వేళ్లు మడిచి లెక్కపెట్టినట్టు.

మధ్యాహ్నం ఆర్చరీలోని చిన్ననాటి పొలానికి వెళ్లాం, ప్లెయిన్స్ నుంచి రెండు మూడు మైళ్లు. ఈ ప్రయాణంలో నాకు మిగిలింది ఆ రెండు గంటలే అనుకుంటాను. 1928లో జిమ్మీకి నాలుగేళ్లప్పుడు ఇక్కడికి వచ్చారు. చెక్క ఇల్లు, పెరట్లో గాలిమర, పశువుల కొట్టం, కమ్మరి కొలిమి, కూలీలకు సరుకులమ్మే చిన్న కొట్టు. ఇంటికి కరెంటు వచ్చింది 1938లో. స్నానానికి తండ్రి చేసిన ఏర్పాటు, అడుగున బెజ్జాలు పెట్టిన బకెట్. కొంచెం అవతల జాక్ క్లార్క్, రేచల్ క్లార్క్ ఇల్లు. ఈ నల్లజాతి దంపతులు ఆ పొలంలో కూలీలు. తల్లి లిలియన్ నర్సు కావడంతో రోజంతా రోగుల ఇళ్లకు తిరిగేది. పిల్లాడు ఎక్కువగా రేచల్ దగ్గరే పెరిగాడు. చేపలు పట్టడం, చేలో పని, అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే. ఆ లిలియనమ్మే 1966లో, 68 ఏళ్ల వయసులో, పీస్ కోర్ (అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవకుల సంస్థ) తరఫున బొంబాయి పక్కన విఖ్రోలీకి వచ్చి దాదాపు రెండేళ్లపాటు నర్సుగా పనిచేసింది.

కొట్టం దగ్గర ఒక గంట ఉంది. తెల్లారడానికి గంట ముందే జాక్ క్లార్క్ దాన్ని మోగిస్తే కూలీలంతా లేచి లాంతర్లతో కొట్టానికి వచ్చేవాళ్లు. నాయన దాన్ని వేళ్లతో నెమ్మదిగా తాకాడు. చిన్నప్పుడు మా తాత ఇనప కమ్మీ మీద కొట్టి కూలీలను పిలిచేవాడట. నాకు అంతవరకూ తెలియని సంగతి.

వచ్చేటప్పుడు కార్టర్ ఇంటి ముందు నుంచి పోనిచ్చాను. 1961లో కట్టుకున్న ఇల్లు, కంచె అవతల చెట్ల చాటున ఉంటుంది. 2023 నవంబరులో పోయిన రోజలిన్‌ను ఆ ఆవరణలోనే పెట్టారు. కారు వేగం తగ్గించాను. నాయన అటువైపు తిరిగి చేతులు జోడించాడు.

ఊరి కొట్లో ఉడకేసిన చెనిక్కాయలు కొన్నాం. అయిదేళ్ల జిమ్మీ ఇదే వీధుల్లో ఉప్పునీళ్లలో ఉడికించిన పచ్చికాయలు పొట్లాలు కట్టి అమ్మాడు. నాయన ఒక కాయ నొక్కి, నీళ్లు చప్పరించి, "ఉప్పు ఎక్కువేసినారు. కాయ మాత్రం లేతది" అన్నాడు. పొట్లం ఖాళీ అయ్యేదాకా తింటూనే ఉన్నాడు.

తిరుగు దారిలో, కార్టర్ పదవి దిగాక పోరాడిన నారికురుపు సంగతి చెప్పాను. దిగుడుబావి నీళ్లలో కంటికి ఆనని పురుగులుంటాయి. వాటితో పాటు నారిపురుగు పిల్లలు కడుపులోకి పోతాయి. ఏడాది తిరిగేసరికి రెండు మూడడుగుల నారి కాలిలోంచి పొక్కు చిదుముకుని బయటికొస్తుంది. మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టి తాగడం, పుండు ఉన్నవాళ్లను బావిలోకి దిగనీయకపోవడం, అంతే. 1986లో కార్టర్ సంస్థ దీని వెంట పడేనాటికి ప్రపంచంలో ఏటా 35 లక్షల మందికి వచ్చేది. 2023లో వచ్చింది 14 మందికి. మన దేశంలో ఈ పోరాటం మన ఆరోగ్యశాఖే 1980ల్లో మొదలుపెట్టింది. చివరి కేసు 1996లో, రాజస్థాన్‌లో. 2000లో ఈ జబ్బు లేని దేశంగా ప్రకటించారు. తన కంటే ముందు ఆఖరి నారిపురుగు చావాలని ఉందని కార్టర్ తొంభై ఏళ్లు దాటాక అన్నాడు.

"అవ్వ కాలికి ఉండె మచ్చ అదే కదరా" అన్నాడు నాయన. అవ్వ ఎడమ చీలమండ పైన తెల్లటి గుంట నాకూ గుర్తుంది. నారిని చీపురుపుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లట. ఒకరోజు మధ్యలో తెగిపోయింది. ఆ వానాకాలమంతా అవ్వ చేనుకు పోలేదు. పంట కోసుకొచ్చింది పన్నెండేళ్ల మా నాయన, ఇరుగుపొరుగువాళ్లు. ఇల్లు చేరేదాకా ఆ ఏటి గురించే చెబుతూ వచ్చాడు.

నవంబరు చివర్లో ఊరెళ్లిపోయాడు. డిసెంబరు 29న కార్టర్ పోయాడు. జనవరి 4న ఆయన్ను తీసుకెళ్తున్న వాహనాలు ఆర్చరీ పొలం ముందు కాసేపు ఆగాయి. అక్కడి గంటను 39 సార్లు మోగించారు, ఆయన 39వ అధ్యక్షుడు కాబట్టి. ఆ వీడియో నాయనకు పంపాను. మాకు రాత్రి పొద్దుపోయింది, అక్కడ పగలు. వెంటనే ఫోన్ చేశాడు.

"నేను ముట్టుకునింది ఆ గంటే కదరా?"

"అదే నాయనా."

"ఆయమ్మ పక్కనే పెడతారా?"

"పక్కనే."

వెనక ఆవు మెడలో గంట చప్పుడు వినిపిస్తోంది. ఈ ఏడు చేను కౌలుకివ్వనని, జూన్‌లో వాన పడితే కదిరి-6 రకం చెనిక్కాయ తానే వేస్తానని చెప్పి, పెరికేటప్పటికి నాకు సెలవు దొరుకుతుందేమో అడిగాడు.