తొలి చుక్క తేదీ

స్టవాంగర్ (నార్వే), నవంబర్ 2025

పొద్దున్నుంచీ ఒక్క తేదీతోనే సరిపోయింది. వచ్చే వారం కొత్తగా చేరిన ఇంజనీర్లకు నేను క్లాసు చెప్పాలి. ఆర్కిటిక్‌లో కొత్త చమురు క్షేత్రం తెరవాలంటే డబ్బు లెక్క ఎలా నడుస్తుందో చెప్పడం నా వంతు. ఉదాహరణగా నార్వేలోని యోహాన్ కాస్ట్‌బెర్గ్ అనే చమురు క్షేత్రాన్ని తీసుకున్నాను. అంకెలన్నీ పత్రికల్లో, ప్రభుత్వ బడ్జెట్ పత్రాల్లో వచ్చినవే కాబట్టి ఎవరి రహస్యమూ బయటపెట్టినట్టు కాదు. ఎక్సెల్ షీట్‌లో చమురు ధర మార్చి చూశాను, బావుల సంఖ్య మార్చి చూశాను, డాలర్ రేటు మార్చి చూశాను. దేనికీ లేనంత ఊపు ఒక్క గడి మార్చినప్పుడు వచ్చింది. అది తొలి చుక్క పైకి వచ్చే తేదీ.

ఆర్కిటిక్ చమురు అనగానే అందరూ మంచు, చలి, తుఫాను అంటారు. అవన్నీ నిజమే, వాటికి ఖర్చూ ఉంది. కానీ ఇన్నేళ్లుగా ఈ అంచనాలు వేస్తూ నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. అక్కడ మనం డబ్బు పోసి కొనేది ప్రధానంగా కాలాన్ని.

కాస్ట్‌బెర్గ్ కథే చూడండి. నార్వేకి ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో, హామర్‌ఫెస్ట్ అనే ఊరికి వాయవ్యంగా దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో 2011లో చమురు పడింది. అప్పుడు దాని పేరు స్క్రుగార్డ్. తర్వాత పక్కనే హావిస్, డ్రివిస్ దొరికాయి. అన్నీ కలిపి 45 నుంచి 65 కోట్ల బ్యారెళ్లు. మొదట వేసిన ప్లాను ప్రకారం ఖర్చు నార్వే డబ్బులో పదివేల కోట్ల క్రోన్లకు చేరింది. బ్యారెల్ ధర 80 డాలర్లు దాటితే తప్ప గిట్టుబాటు కాదన్నారు. 2014లో ధరలు కుప్పకూలాక ఇంజనీర్లు మొత్తం విప్పి మళ్లీ కూర్చారు. ఒడ్డు దాకా వేయాలనుకున్న పైపులైను తీసేశారు. సముద్రంలోనే చమురు తీసి, నిల్వ చేసి, ట్యాంకర్లకు ఎక్కించే ఓడ పెట్టారు. సప్లయర్ల రేట్లు కూడా అప్పటికి బాగా దిగొచ్చాయి. 2017 డిసెంబర్‌లో ప్లాను ప్రభుత్వానికి ఇచ్చేనాటికి ఖర్చు 4,900 కోట్ల క్రోన్లు, గిట్టుబాటు ధర 35 డాలర్ల లోపు. ఆ తగ్గింపు మామూలు విషయం కాదు. ఎన్ని వందల మంది ఎన్ని రాత్రులు కూర్చుని సాధించారో నాకు తెలుసు, వాళ్లంటే నాకు గౌరవం.

ప్లానులో తొలి చుక్క తేదీ 2022 చివర. నిజంగా చమురు వచ్చింది 2025 మార్చి 31న.

మధ్యలో కోవిడ్ వచ్చింది. సింగపూర్‌లో కట్టిన హల్‌లో, అంటే ఓడ ఒంట్లో, వెల్డింగ్ లోపాలు బయటపడ్డాయి. 2022లో అది మన స్టవాంగర్‌కి ఉత్తరాన ఉన్న స్టోర్డ్‌కి చేరాక కూడా పని ఒక పట్టాన తెమల్లేదు. క్రోన్ విలువ పడిపోయింది, సామాన్ల ధరలు పెరిగాయి. చివరికి ఖర్చు 8,600 కోట్ల క్రోన్లు. ఇది 2024 ధరల్లో, అది 2017 ధరల్లో, కాబట్టి పక్కపక్కన పెట్టి నేరుగా తీసివేయకూడదు. ద్రవ్యోల్బణం పక్కన పెట్టినా పెరుగుదల పెద్దదే.

పెరిగిన ఖర్చు అందరికీ కనబడుతుంది, పేపర్లలో హెడ్డింగు అవుతుంది. ఆలస్యం వల్ల పోయింది ఎవరికీ కనబడదు. పెట్టిన డబ్బు ఏడాదికి 8 శాతం పెరగాలన్న లెక్కన చూస్తే, రెండున్నరేళ్లు ఆలస్యంగా చేతికొచ్చే వంద క్రోన్లు ఇవాళ్టి 82 క్రోన్లతో సమానం. రాబడిలో ప్రతి వందకీ 18 ఏ దొంగా పట్టుకుపోకుండానే మాయమైపోయాయి. ఈలోగా ఇనుములో, యార్డులో పోసిన సొమ్ము తిరిగిరాకుండా అక్కడే ఇరుక్కుని ఉంటుంది. మామూలు చోట ఆరు నెలలు ఆలస్యమైతే ఆరు నెలలే పోతాయి. ఉత్తరాన అలా కాదు. పెద్ద ఓడని లాక్కెళ్లి లంగరు వేయడానికి సముద్రం ఊరుకునేది వేసవిలోనే. ఆ కిటికీ తప్పితే మళ్లీ వేసవి దాకా ఆగాల్సిందే. అలాస్కాలో దీనికి సరిగ్గా తిరగేసిన బాధ. అక్కడి విల్లో చమురు ప్రాజెక్టుకి సామాను మోసేది చలికాలంలో మంచుతో వేసుకునే రోడ్ల మీద. చలికాలం పొట్టిదైతే పని ఆగిపోతుంది. ఇక్కడ వేసవి కోసం ఎదురుచూస్తారు, అక్కడ శీతాకాలం కోసం.

పదకొండున్నరకి లంచ్. నా డబ్బాలో పెరుగన్నం, ఎదురుగా సహోద్యోగి చేతిలో బటర్ పేపర్‌లో చుట్టిన రొట్టె ముక్కలు, వాటి మీద బ్రౌన్ చీజ్. ఒక్కో ముక్క మధ్య చిన్న కాగితం పెట్టి ఎంత పొందిగ్గా సర్దుకుంటారో! ఆమెది హోనింగ్స్‌వోగ్, ఇంకో అడుగేస్తే యూరప్ చివర. కాస్ట్‌బెర్గ్ మీద క్లాసు చెప్తున్నానంటే తినడం ఆపింది.

"వైడ్నెస్ గురించి చెప్తావా?" అంది.

వైడ్నెస్ వాళ్ల ఊరి పక్కనే. 2013లో వేసిన మొదటి ప్లానులో సముద్రం అడుగున 280 కిలోమీటర్ల పైపులైను వేసి, చమురు అక్కడ ఒడ్డుకి చేర్చి, టెర్మినల్ కడతామన్నారు. ఊళ్లో చిన్నపిల్లలు కూడా టెర్మినల్ గురించే మాట్లాడుకునేవాళ్లట. వాళ్ల అన్నయ్య బెర్గెన్‌లో ఉద్యోగం మానేసి ఊరికి తిరిగొచ్చాడట. ఖర్చు తగ్గించే మొదటి కోతలోనే పైపులైను పోయింది. తర్వాత చిన్న టెర్మినల్ అయినా పెట్టొచ్చేమోనని చూశారు, అదీ గిట్టదని వదిలేశారు. ఇప్పుడు ట్యాంకర్లు ఓడ దగ్గరే చమురు నింపుకుని నేరుగా మార్కెట్‌కి పోతాయి. హామర్‌ఫెస్ట్‌కి సరుకుల బేస్, హెలికాప్టర్ బేస్ వచ్చాయి. నడిపే ఆఫీసు హార్‌స్టాడ్‌కి వచ్చింది. హోనింగ్స్‌వోగ్‌కి ఏమీ రాలేదు.

"35 డాలర్లు చేశామని మీరంతా సంబరపడ్డ రోజున మా ఊళ్లో ఎవరూ సంబరపడలేదు" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ మాట నా షీట్‌లో ఏ గడిలోనూ లేదు. క్లాసులో వైడ్నెస్ గురించి చెప్తానని మాటిచ్చాను.

సాయంత్రం నాలుగింటికే చీకటి, దానికి తోడు మా ఊరి వాన. నాన్నగారికి ఫోన్ చేశాను. రాజోలులో అప్పటికి ఎనిమిదిన్నర, భోజనం చేసి అరుగు మీద కూర్చున్నారట. మా వైపు కొబ్బరితోటల మధ్య రిగ్గులు కొత్త కాదు. చిన్నప్పుడు స్కూలుకి పోతూ ఆగి చూసేవాళ్లం. అందుకే ఆయనకి ఈ సంగతులు వివరంగా చెప్పబుద్ధేస్తుంది.

"మన దగ్గరైతే రోడ్డుంది, లారీల మీద రిగ్గు దింపేస్తారు. సముద్రం మధ్యలో ఏముంటుందమ్మా?" అని అడిగారు.

ఏమీ ఉండదండీ, అన్నీ మొదటివాడే తీసుకెళ్లాలి అని చెప్పాను. మెట్లకీ చేతికమ్మీలకీ మంచు పేరుకోకుండా హీటర్ కేబుళ్లు, గాలికి ఎదురు తిరిగేలా ఓడ ముక్కులో తిరుగుడు యంత్రం, హెలికాప్టర్లు, పెద్ద ప్రమాదం జరిగితే కాపాడే ఏర్పాట్లు. అదృష్టం ఏంటంటే అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల ఆ చోట సముద్రం గడ్డకట్టదు. అయినా నవంబర్ చివర నుంచి జనవరి దాకా రెండు నెలలు సూర్యుడు కనబడడు.

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే పుంత వేసినవాడికే ఖర్చన్నమాట. తర్వాత పక్క చేలవాళ్లంతా అదే పుంతలో ధాన్యం తోలుకుంటారు" అన్నారు.

ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. అంకెలూ అదే చెప్తాయి. కాస్ట్‌బెర్గ్‌కి పెట్టిన 8,600 కోట్ల క్రోన్లని నడిమధ్య అంచనా 55 కోట్ల బ్యారెళ్లకి పంచితే బ్యారెల్‌కి 156 క్రోన్లు. దాని పక్కన 2021లో దొరికిన చిన్న క్షేత్రం ఇస్‌ఫ్లాక్‌లో 4.6 కోట్ల బ్యారెళ్లే ఉన్నాయి. దాన్ని ఉన్న ఓడకే కలిపేస్తున్నారు, ఖర్చు 400 కోట్ల క్రోన్ల పైచిలుకు. అంటే బ్యారెల్‌కి 87 క్రోన్లు. ఒంటరిగా అయితే దాన్ని ఎవరూ ముట్టుకోరు. మరోపక్క ఇంకా ఉత్తరాన, ఒడ్డుకి 310 కిలోమీటర్ల దూరంలో విస్టింగ్ ఉంది. అక్కడ అంతా కొత్తగా కట్టాలి. వేసిన అంచనా 10,400 కోట్లు, చమురు సుమారు 50 కోట్ల బ్యారెళ్లు, అంటే బ్యారెల్‌కి 208 క్రోన్లు. ఇది కట్టడానికి మాత్రమే, నడపడానికయ్యే ఖర్చు వేరే. 2022 నవంబర్‌లో దాన్ని వాయిదా వేశారు.

ఆ వాయిదా నన్ను చాలా ఆలోచింపజేసింది. ఎందుకంటే నార్వేలో చమురు లాభం మీద పన్ను 78 శాతం. ఖర్చు కూడా ఆ లెక్కలోంచే తీసేస్తారు కాబట్టి, కంపెనీ పెట్టే ప్రతి వంద క్రోన్లలో 78 దాకా చివరికి ప్రభుత్వమే మోసినట్టు. పైగా 2020లో ఇంకా మెరుగైన తాత్కాలిక పన్ను రాయితీ ఇచ్చారు, 2022 ఆఖరులోగా ప్లాను ఇచ్చినవాళ్లకి. విస్టింగ్ ఆ రాయితీ అందే దూరంలో ఉండి కూడా ఆగిపోయింది. అంత సాయం ఉన్నా లెక్క తేలలేదంటే అక్కడి దూరం ఎంత బరువో అర్థమవుతుంది.

షెల్ సంగతి అందరికీ తెలిసిందే. అలాస్కా దగ్గర చుక్చి సముద్రంలో దాదాపు 700 కోట్ల డాలర్లు పెట్టి, తవ్విన బావిలో సరిపడా చమురు లేదని 2015 సెప్టెంబర్‌లో వెనక్కి వచ్చేసింది. రష్యాలో ష్టోక్‌మాన్ గ్యాస్ క్షేత్రం 1988లో దొరికితే 2012లో పక్కన పెట్టారు. వాళ్లు ఆలోచిస్తుండగానే అమెరికాలో రాతిపొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ వచ్చి, ఆ గ్యాస్ కొనాల్సిన మార్కెట్టే మారిపోయింది. అక్కడా ఓడించింది కాలమే.

ఇంతా చెప్పి కాస్ట్‌బెర్గ్ నష్టమని నేననను. రోజుకి 2.2 లక్షల బ్యారెళ్లు వస్తున్నాయి. మూడు నాలుగు రోజులకొక ట్యాంకర్ దాదాపు 50 కోట్ల క్రోన్ల చమురు నింపుకుని వెళ్తుంది. పెట్టుబడి రెండేళ్ల లోపే తిరిగి రావచ్చని కంపెనీ అంది. 2022 మొదట్లోలా ప్రపంచ మార్కెట్‌కి కొలబద్ద అయిన బ్రెంట్ చమురు ధర 120 డాలర్లు దాటి లేకపోయినా, 2025లో ఎక్కువ రోజులు ఉన్న 60-75 మధ్య కూడా అది నిలబడుతుంది. కష్టపడి గిట్టుబాటు ధర తగ్గించుకున్నందుకే ఆలస్యాన్నీ తట్టుకుంది.

నన్ను పట్టి కుదిపేది రెండో చివర. క్షేత్రం 30 ఏళ్లు నడుస్తుందంటున్నారు, అంటే 2055 దాకా. ఆ తర్వాత బావులు మూయాలి, సముద్రం అడుగు నుంచి ఇనుము తీయాలి. అదే 8 శాతంతో 30 ఏళ్ల తర్వాతి వంద క్రోన్ల శుభ్రం ఖర్చుని ఇవాళ్టికి తెస్తే పది క్రోన్లు అవుతుంది. తొలి చుక్క ఆలస్యమైతే మనల్ని అంత కఠినంగా శిక్షించే లెక్క, మన తర్వాత వచ్చేవాళ్ల భారాన్ని మాత్రం ఇట్టే పదోవంతు చేసేస్తుంది. 2050 నాటికి ఉద్గారాలు 1990తో పోలిస్తే 90 నుంచి 95 శాతం తగ్గాలని నార్వే చట్టమే అంటోంది. ఎగుమతి చేసిన చమురు ఎక్కడ కాలుతుందో అక్కడి లెక్కలోకి పోతుంది కాబట్టి ఆ పొగ ఇక్కడి ఖాతాలో పడదు. నేను ఈ పనితోనే బతుకుతున్నాను, ఈ పనంటే నాకిష్టం. అందుకే ఈ మాట గట్టిగా అనాలనిపిస్తుంది: ఉన్న ఓడకి పక్క క్షేత్రాలు కలపడం సబబే, కానీ ఇంకా ఉత్తరానికి వెళ్లి కొత్త పుంత వేసేముందు, మూడేళ్లు ఆలస్యమై, ధర 50 డాలర్లకి పడిపోయి, శుభ్రం ఖర్చు తగ్గించకుండా పూర్తిగా వేసినా లాభం మిగిలితేనే వెళ్లాలి. విస్టింగ్ ఆ పరీక్షలో నిలుస్తుందని నాకు నమ్మకం లేదు.

రాత్రి క్లాసు కాగితాలు మళ్లీ రాశాను. ముందు పేర్లు చెప్పకుండా రెండు లెక్కలూ వాళ్లచేతే చేయిస్తాను, ఒకటి రెండున్నరేళ్ల ఆలస్యం, ఇంకోటి 30 ఏళ్ల తర్వాతి ఖర్చు. తర్వాత కాస్ట్‌బెర్గ్ చెప్తాను, వైడ్నెస్ ఫొటో చూపిస్తాను. ఆఖరున విస్టింగ్ లెక్కకి 8 శాతం లాంటి ఆ రేటు తామైతే ఎంత వాడతారో ఒక్కొక్కరూ రాసి, ఎందుకో ఒక పేరా కూడా రాయాలి. ఆ పేరాలు మా మేనేజర్‌కి కూడా చూపిస్తానని ముందే చెప్పేస్తాను.